బయటి మేకుకు వేలాడే బిళ్ళ

మార్చి 4, సోమవారం

పొద్దున రైలుబండిలో అందరి ఫోన్లలోనూ ఒకటే ముఖం. భవ్య అట. టేకల్ దగ్గర పల్లె పిల్ల, టీవీ పాటల పోటీలో పేరు తెచ్చుకుంది. ఇప్పుడు ఈ వీడియో. ఏడవడం లేదు. మాస్టర్ తనను రికార్డింగ్ గదిలో ఏం చేశాడో ఒక్కో మాటా ఏరుకుంటూ చెబుతోంది. పాట సరిగా రాలేదని మిగతావాళ్ళను పంపేశాడు. తలుపు వేశాడు. "బయట ఎర్ర లైటు వెలుగుతా ఉండింది. ఆ లైటుంటే తలుపు ఎవురూ తీయరు."

ఆ మాట దగ్గర నా చేతిలోంచి డబ్బా జారిపోయింది. చిత్రాన్నం అంతా సరోజక్క చీర మీద. గార్మెంట్స్‌లో నా పక్క మిషనే ఆమెది, బండిలోనూ పక్క సీటే. చేతుల్లో పట్టు లేదా అని తిట్టుకుంటూ దులుపుకుంది.

అదే లైటు. ఈ పిల్ల పుట్టకముందు నేను చూసిన లైటు.

మార్చి 5

ఆయన పేరు ఈ డైరీలో ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడూ రాయను. ఊరంతా మాస్టర్ అంటారు, అది చాలు. మా గని కార్మికుల లైనిళ్ళలోనే పుట్టాడు, గనిలో దిగినవాడి కొడుకు. మద్రాసు వెళ్ళి పెద్ద సంగీత దర్శకుడయ్యాడు. గనులు మూతపడ్డాక ఈ ఊరికి చెప్పుకోవడానికి మిగిలినవి బంగారం తీశాక పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బలూ, ఈయనా.

బండిలో ఆడవాళ్ళే ముందు రాళ్ళు వేస్తున్నారు. పేరు కోసమట. ఎవరో వెనకనుంచి ఆడిస్తున్నారట. అంత ఇష్టం లేనిది ఎందుకు వెళ్ళిందట. మధ్యాహ్నం అన్నం దగ్గరా అదే. నాకు ఒళ్ళు మండిపోతోంది. తల వంచుకుని కాలర్లు కుట్టాను. ఒక కాలర్ తిరగేసి కుట్టాను, సూపర్వైజర్ చేత తిట్లు తిన్నాను.

మార్చి 7

నాయన టీవీ ముందు కూర్చుని ఆ పిల్లని తిడుతున్నాడు. తిట్టడానికి ఊపిరి చాలదు — రాతిధూళి తిన్న ఊపిరితిత్తులు, రెండు మాటలకు ఒక దగ్గు. అయినా తిడుతున్నాడు.

"గురప్ప రక్తం అట్లా చేస్తుందా? నాకు తెలీదా?"

గోడకు దేవుళ్ళ పటాల పక్కనే గురప్ప మామ ఫొటో. ఏర్‌బ్లాస్ట్ అయి లోపల రాయి కూలిన రోజు నాయన నడుం దాకా కూరుకుపోతే, అందరూ పరిగెత్తినా గురప్ప మామ పరిగెత్తలేదు. చేతులతో రాళ్ళు తీసి, చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. ఆ గురప్ప మామ కొడుకే మాస్టర్. నాయన ఇంకా బతుకుతున్నది ఆ చేతి మీదే.

మారమ్మ జాతరలో నా పాట విని, మద్రాసు పంపండి, కోరస్‌లో పెట్టుకుంటానని మాస్టర్ అడిగినప్పుడు అమ్మ వద్దంది. ఆడపిల్ల, ఊరు కాని ఊరు అంది. నాయన నవ్వాడు. "లోపల చెయ్యి పట్టుకున్నోళ్ళు బయట వదల్తారా?"

గనిలో దిగినవాళ్ళకు లోకమంతా గనిలాగే ఉంటుందని నమ్మకం. పక్కవాడు వదిలేసి పోడు. నాకు పందొమ్మిది. నేనూ నమ్మాను.

మార్చి 9

ఊరి కమిటీవాళ్ళు వచ్చారు. రేపు కాక పై ఆదివారం స్కూలు గ్రౌండులో మాస్టర్‌కు అండగా సభ. ఆయనే వస్తున్నాడు. నాయన దండ వేసి ఏర్‌బ్లాస్ట్ సంగతి ఒక మాట చెప్పాలట. ఊరి పరువు అట. ఆ రోజు లోపల ఉన్నవాళ్ళలో మిగిలింది నాయన ఒక్కడే.

నాయన ముఖం చూడాలి. పండక్కి బట్టలు వచ్చిన పిల్లాడిలా ఉన్నాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి పెట్టమన్నాడు, ఈ రోజే.

కాఫీ ఇస్తుంటే కమిటీ సెల్వం, ప్రార్థన మీ అమ్మాయి పాడితే బాగుంటుంది కదా అన్నాడు. నాయనే జవాబు చెప్పాడు. "దాని గొంతు మద్రాసు నీళ్ళకే పోయింది గదప్పా. అప్పటినించీ మందు పోస్తానే ఉండా."

గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేశాను. పొయ్యి దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మార్చి 10, ఆదివారం

మద్రాసు నుంచి తిరిగొచ్చినప్పుడు చెప్పడానికి ఏదో ఒకటి కావాలి. గొంతు పోయిందన్నాను. అంతే. అమ్మ నన్ను ఒకసారి తేరిపార చూసింది, ఏమీ అడగలేదు. తనకు తెలుసేమో. పోయేదాకా అడగలేదు మరి. నాయన మాత్రం ఆ సాయంత్రమే మిరియాలూ అతిమధురమూ నూరి కషాయం పెట్టాడు. ఇప్పటికీ పెడుతున్నాడు. సంబంధాలు తప్పిపోయాయి, గనులు మూసేశారు, అమ్మ పోయింది — కషాయం మాత్రం ఆగలేదు. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి గ్లాసు మీద మూత పెట్టి ఉంటుంది.

తాగుతాను. ఏం చేయను?

ఈ రోజు తాగుతుంటే నా వైపే చూస్తూ, కొంచెం నయంగా ఉండాదామ్మా అన్నాడు. ఛీ, ఏం బతుకు ఇది.

మార్చి 12

బండి టేకల్‌లో ఆగింది. రోజూ ఆగుతుంది. ఇన్నేళ్ళలో ఆ ప్లాట్‌ఫాం వైపు తల తిప్పి చూసింది లేదు. ఈ రోజు చూశాను. కొళాయి, ఒక సిమెంటు బెంచీ, పాలక్యాన్లు. ఈ దారినే కదా ఆ పిల్ల హార్మోనియం పట్టుకుని వెళ్ళి ఉంటుంది.

టేకల్ దాటాక ఆడవాళ్ళు భజన ఎత్తుకుంటారు. సరోజక్క రోజులాగే మోచేత్తో పొడిచింది, నువ్వూ అందుకోవే అని. గొంతు చూపించి చేయి ఊపాను. రోజులాగే.

మార్చి 13

చెప్పాలి. చెబితే నాయన ఉంటాడా? చెప్పకపోతే ఆదివారం ఆ చేతులు ఆ మెడలో దండ వేస్తాయి. నేను ఇస్త్రీ చేసిన చొక్కాతో.

మార్చి 14, గురువారం

చెప్పేశాను.

సాయంత్రం వచ్చేసరికి వంటింట్లో కూర్చుని మిరియాలు నూరుతున్నాడు. వద్దు నాయనా అన్నాను. ఘాటు ఎక్కువైందా అన్నాడు. ఇంక ఆపుకోలేకపోయాను.

"నా గొంతు బాగానే ఉండాది నాయనా. ఎప్పుడూ పోలేదు."

నూరే చెయ్యి ఆగింది. నా ముఖం చూశాడు. "మరి?"

"ఆ పిల్ల చెప్పింది చూసినావు కదా టీవీలో. అదే. నాకూ అదే."

ఇంకేం చెప్పాల్సిన పని పడలేదు. నాయన లేచి నిలబడబోయాడు. గోడ పట్టుకున్నాడు. "నేనే గదమ్మా పంపినాను" అన్నాడు. అరవలేదు. ఏడవలేదు. నూరిన మిరియాలు కాగితంలో పొట్లం కట్టి అటక మీద పెట్టాడు. ఎందుకు దాచాడో.

ఆ గ్లాసు ఖాళీగా చూడటం ఇన్నేళ్ళలో ఇదే మొదలు. ఇన్నాళ్ళూ విసుక్కున్నదాన్ని, ఇప్పుడు అది లేకపోతే ఏడుపొస్తోంది.

మార్చి 15

నాయన అన్నం కెలికి లేచిపోయాడు. గురప్ప మామ ఫొటో కింద కుర్చీ వేసుకుని, వీధి వైపు తిరిగి కూర్చున్నాడు.

టీవీలో భవ్య. తల మీద చున్నీ, పక్కన మేనమామ, ఎదురుగా మైకులు. కాగితం చూసి చదివింది. తను చెప్పింది అపార్థమనీ, మాస్టర్ తనకు తండ్రిలాంటివారనీ. కళ్ళు ఎత్తలేదు. మొదటి వీడియోలో ఆ పిల్లకు ఎంత నిదానం... ఇప్పుడు పరుగు పరుగున చదివేసింది.

వీధి చివర టపాకాయలు కాల్చారు.

అయిపోయింది. ఆ పిల్ల ఒంటరిగా ఎన్నాళ్ళు నిలబడుతుంది? పక్కన నిలబడాల్సినదాన్ని కాలర్లు కుడుతూ కూర్చున్నాను.

మార్చి 16

"పోతా" అన్నాడు నాయన, పొద్దున్నే. సభకే, దండ వేయడానికే అనుకున్నాను. తర్వాత అన్నాడు — "పోయి పదిమందిలో అడుగుతా. నా బిడ్డని ఏం చేసినావురా అని మొకానే అడుగుతా."

వద్దనలేదు. భయమూ ఆశా రెండూ ఒకేసారి పట్టుకున్నాయి. చొక్కా మళ్ళీ ఇస్త్రీ చేశాను. కాలర్ దగ్గర రెండుసార్లు రుద్దాను.

మార్చి 17, ఆదివారం

మా ఇంటికి ఒక పద్ధతి ఉంది, నాయన పెట్టింది. గనిలో దిగేవాడి ఇత్తడి బిళ్ళ పైన ఆఫీసులో మేకుకు వేలాడుతుంది, పైకి వచ్చాక తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక కూడా బిళ్ళ వేలాడుతూ ఉంటే ఎవడో పైకి రాలేదన్నమాట. గనులు మూసినా నాయన ఆ అలవాటు మూయలేదు. ఇల్లు దాటేవాళ్ళు తమ బిళ్ళ వాకిలి బయటి మేకుకు తగిలించాలి, వచ్చాక లోపలి మేకుకు మార్చాలి. నాయనది అసలు బిళ్ళ, నాది డబ్బా మూతలోంచి కత్తిరించింది. బయట ఒక్క బిళ్ళ ఉన్నా ఆయన కన్ను మూయడు.

మధ్యాహ్నం తన బిళ్ళ బయటి మేకుకు తగిలించి వెళ్ళాడు. నేను వాకిట్లోనే కూర్చున్నాను. గ్రౌండు మైకు మా లైను దాకా వినిపిస్తుంది. ఎవరెవరో మాట్లాడారు. గోల్డ్ ఫీల్డ్స్ మట్టి వాసన అన్నారు. తర్వాత పిలిచారు — నారాయణప్ప తాత వేదిక మీదికి రావాలి. చప్పట్లు. మైకులో దగ్గు. నాయన దగ్గు ఎక్కడున్నా గుర్తుపడతాను.

"గురప్ప నన్ను..." అన్నాడు.

ఆగిపోయాడు. నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ దగ్గు. ఏదో గరగరమని చప్పుడు. అంతలో తప్పెట్లు మోగాయి, జనం ఈలలు, మాస్టర్ పాట పెట్టేశారు.

పొద్దు వాలాక వచ్చాడు. చొక్కా మీద చామంతి రేకులు. అరుగు మీద కూలబడ్డాడు.

"వాడు నా కాళ్ళు పట్టుకున్నాడమ్మా. వంగితే వెనకనించి గురప్ప మాదిరే ఉండాడు. ఆ మెడ, ఆ బుజాలు... చేతులే దండ వేసేసినాయి."

నాకు కోపం రాలేదని రాయబోయాను. అబద్ధం. వచ్చింది. ఆ తెల్ల చొక్కా పట్టుకుని పరపరా చింపేయాలనిపించింది. గురప్ప మామ మీద కూడా కోపం వచ్చింది — ఆ రోజు ఎందుకు తీశావయ్యా మా నాయనని బయటికి అని. అట్లా అనుకున్నందుకు చెంపలు వేసుకున్నాను. ఎవరిని అడగాలి ఇంక? ఎవరున్నారు?

చీకటి పడుతుంటే, లోపలికి రా నాయనా, బిళ్ళ మార్చు అన్నాను.

"ఉండనీమ్మా. నేనింగా పైకి రాలేదు."

అన్నం అరుగు మీదికే తెచ్చి పెట్టాను. ముట్టలేదు.

మార్చి 18, సోమవారం

టేకల్ ప్లాట్‌ఫాం మీద రాస్తున్నాను.

పొద్దున నా బిళ్ళ తగిలించేటప్పుడు చూశాను, నాయనది ఇంకా బయటి మేకుకే ఉంది. నాది దాని పక్కనే తగిలించాను. నాయన అరుగు మీదే ఉన్నాడు. యాడికి అని అడగలేదు, రోజూ వెళ్ళే చోటే కదా.

బండి ఇక్కడ ఆగగానే లేచాను. సరోజక్క కొంగు పట్టుకుంది — "ఏమే, ఇది యాడ దిగేది?" పని ఉందన్నాను. ఏం పని అంటూనే ఉంది, బండి కదిలింది.

ఇల్లు అడిగితే ఎవరూ నేరుగా చెప్పలేదు. టీవీవాళ్ళా అన్నారు. చివరికి పాల డెయిరీ దగ్గర ఒక ముసలామె చేయి చూపించింది. పట్టుపురుగులు పెంచే ఇల్లు, వాకిట్లో పురుగులు గూళ్ళు కట్టే చంద్రికలు ఆరబెట్టి ఉన్నాయి. తలుపు మూసి ఉంది. తట్టాను. వాళ్ళమ్మ కాబోలు, సందులోంచి ఒక కన్ను.

"ఎవురమ్మా? అంతా అయిపాయె గదా. ఇంగేం కావల్ల మీకు?"

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు. "కేజీఎఫ్ నించి వచ్చినానమ్మా. పందొమ్మిదేళ్ళప్పుడు నేనూ ఆ గదిలో పాడినాను. ఎర్ర లైటు నేనూ చూసినాను. మీ బిడ్డకు చెప్పండి, అది అపార్థం కాదని నాకు తెలుసని."

ఆ కన్ను కదలలేదు. లోపల ఏదో గిన్నె కింద పడిన చప్పుడు. తర్వాత తలుపు మూసేసింది. గట్టిగా కాదు, మెల్లగానే. కాసేపు నిలబడ్డాను. కుక్క వచ్చి వాసన చూసి పోయింది. ఇంక తట్టడానికి చేయి రాలేదు.

అన్యాయంగా వెళ్ళి ఆ ఇంటి మీద పడ్డానేమో. వాళ్ళకు ఊపిరి తీసుకోనివ్వాల్సిందేమో... ఇప్పుడు ఏం లాభం నా మాట వల్ల. చెప్పాల్సినప్పుడు చెప్పలేదు, చెప్పినప్పుడు వినేవాళ్ళు లేరు.

ఇంటివైపు, మారికుప్పం వెళ్ళే బండికి ఇంకా టైముంది. ఎండ బెంచీ మీదికి వచ్చేసింది.

కొళాయి దగ్గర ఎవరో ఆడపిల్ల వచ్చి నిలబడింది. తల మీద చున్నీ. బిందె లేదు చేతిలో. నీళ్ళు పట్టడం లేదు. ఇటే చూస్తోంది. ఆ పిల్లేనో కాదో ఇంత దూరం నుంచి తెలియడం లేదు.

బండి కూత వేసింది. నేను లేవలేదు.