గురుమూర్తన్న సింథసైజర్‌లో రొద

బెంగళూరు, జూన్ 1999

వరూధిని వదినకు నమస్కారాలు.

మీరు బాగుచేయమని పంపిన గురుమూర్తన్న సింథసైజర్ ఇప్పుడు శుభ్రంగా పలుకుతోంది. మీట నొక్కకపోయినా వచ్చే ఆ రొద పోయింది. పాతకాలపు వాయిద్యం కదా, లోపల ఏదో పెద్దదే పాడయిందనుకుని కెపాసిటర్లన్నీ మార్చాను. తగ్గలేదు. చివరికి చూస్తే ప్లగ్గులో ఎర్తు వైరు ఊడి ఉంది. బిగించగానే ఆగిపోయింది. పీణ్య ఫ్యాక్టరీలో అన్న రోజూ నా పక్కనే కూర్చునేవాడు. బతికుండగా ఒక్క మాట చెప్పి ఉంటే ఆనాడే బిగించేవాణ్ణి.

వాయిద్యం పెట్టెలో అడుగున ఒక క్యాసెట్ దొరికింది. మీరు చూసి ఉండరు. ఆ రొద ఎప్పటినుంచి ఉందో తెలుస్తుందని విన్నాను, క్షమించండి. మీ పెళ్లిరోజుకని అన్న కట్టిన బాణీ అది. దాని నిండా అదే రొద. సగంలో వాయించడం ఆపి, "వరూ, ఇంకా సద్దు వస్తా ఉండాది. ఇది పోనీ, మళ్లా బాగా వాయించి నీకు వినిపిస్తా" అన్నాడు.

మీకు పంపేలోపు క్యాసెట్‌లో రొద తీసేద్దామని చాలా ప్రయత్నించాను. అది తీస్తే అన్న గొంతు కూడా పోతోంది వదినా. అందుకే ఉన్నది ఉన్నట్టే పంపుతున్నాను.

మీ మరిదిలాంటివాడు