నీ మెడలోని దంతపు ముక్క

లచ్చుమీ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ఆరేళ్ల నీకు చదవడం రాదని తెలిసే రాస్తున్నాను.

పొద్దున ఎమ్మిగనూరు దారిలోని బూడిద దిబ్బ దగ్గర నేనూ మీ అమ్మా చేనికి ఎరువుకని బూడిద గంపలకెత్తుతుంటే, పాతకాలపు వస్తువులు వెతికే ఆఫీసరొకాయన వచ్చాడు. నువ్వున్నప్పుడు ఆ దిబ్బలోనే దొరికిన విరిగిన చేతిగాజులో సగం ఆయనకు చూపించాను. ఎముకనుకుని, రెండో సగానికి బెజ్జం వేసి, దిష్టి తగలకుండా నీ మెడలో కట్టింది నేనే.

"ఇది ఏనుగు దంతం. ఈ మెట్టలో ఏనుగులెక్కడివి? వేల ఏళ్ల కిందట ఎంతో దూరం నుంచి చేతులు మారుతూ వచ్చింది. గొప్పవాళ్లే తొడిగి ఉంటారు. రెండో సగం ఏదీ?" అన్నాడాయన.

"యాడ పోయిందో సామీ," అంది మీ అమ్మ, నా వైపు చూడకుండా.

నిన్ను పూడ్చిన రోజు నీ మెడలోని ఆ తాడు తెంపనివ్వలేదు మీ అమ్మ. ఎన్నో ఏళ్ల తరువాత ఎవరో తవ్వి, నిన్ను గొప్పింటి బిడ్డ అనుకుంటారు. అంత జ్వరంలో నిన్ను ఆదోని ఆసుపత్రికి చేర్చడానికి ఈ నాయనకు ఎద్దులబండి దొరకలేదని ఆ దంతం వాళ్లకు చెప్పదు.