ధ్రువం మీద మబ్బు, ఆకివీడులో ఏరియేటర్లు

నాన్నగారండీ,

ఈ ఉత్తరం మీకు అందదని తెలుసు. అయినా ఈ సంగతి మీకు చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

ఉపగ్రహం పంపిన ఫొటోల్లో ఈ ఏడాది మొదటి ధ్రువపు మబ్బు నిన్న నా కంటనే పడింది. భూమికి ఎనభై కిలోమీటర్ల ఎత్తున, మంచుపొడి పరిచినట్టున్న పల్చటి తెర. ఆఫీసులో అందరికన్నా ముందు నేనే చూశాను. సంతోషం పట్టలేక అమ్మకు ఫోన్ చేసి, "మబ్బు కనిపించిందమ్మా!" అని అరిచాను.

అక్కడే వచ్చింది తంటా. మబ్బు పడితే నీళ్ళలో గాలి తగ్గి చేపలు పైకి తేలతాయని మీరు పెట్టిన భయం ఆవిడకింకా పోలేదు. మిగతాది వినకుండానే చెరువుగట్టు మీదికి పరిగెత్తి, చుట్టుపక్కల చెరువుల వాళ్ళందరికీ కేకేసిందట. "ఏవండీ, మా అమ్మాయి కంప్యూటర్లో మబ్బు చూసిందంటండీ! ఏరియేటర్లు వేసుకోండి!"

మాడు పగిలే ఎండలో మన చెరువుతోపాటు చుట్టుపక్కల చెరువులన్నిట్లోనూ నీళ్ళు చిలికి గాలి కలిపే ఆ ఏరియేటర్లు సాయంత్రందాకా తిరిగాయి. చివరికి పక్క చెరువు బాబాయి ఫోన్ చేశాడు.

"మబ్బు ఎప్పుడొస్తాదమ్మా?"

"రాదు బాబాయ్. అది ఉత్తర ధ్రువం మీదుంది."

"పోన్లేమ్మా. చేపలకి హాయిగా ఉంది."

నవ్వలేక చచ్చాను. చిన్నప్పుడు నేను మబ్బు పట్టిందని చెబితే, మీరు బయటికొచ్చి ఆకాశం చూసుకున్నాకే స్విచ్ వేసేవారు. నిన్న గట్టు మీద ఒక్కరూ తలెత్తి చూడలేదండీ.

మీ అమ్మాయి