ఈత రాదా అన్నడు

గోదావరిఖని

నతానియేలు బావకు,

ఇంట్ల అందరికి వందనాలు. కాంట్రాక్టరు మీద ఏసిన నష్టపరిహారం కేసుల నిన్న కోర్టుల నా సాక్ష్యం అయింది బావా, జల్ది నీకు చెప్పాలని రాస్తున్న.

అక్కడ ఇప్పుడు ఏఐ మిషను పెట్టిండ్రు. మనం తెలుగుల చెప్తుంటే అది తెర మీద ఇంగ్లీషుల రాసుకుంట పోతది. 'డ్యూటీల ఉండంగ బాయిల పడ్డ, కాలు విరిగింది' అని చెప్పిన. కాంట్రాక్టరు వకీలు తెర చదివి, 'నీకు ఈత రాదా?' అన్నడు. నాకు సమజ్ కాలే. మనకు బాయి అంటే బొగ్గుబాయే గద, మిషను దాన్ని నీళ్ల బాయి చేసిందని మన వకీలు చెప్పిండు. నీళ్ల బాయిల పడితె కాంట్రాక్టరుకు ఏం సంబంధమని వాళ్ల వాదన.

నాకు కోపం ఆగలే. 'మా బాయిల ఈత కొట్టరు సారు, బొగ్గు కొడ్తరు' అన్న. జడ్జి మేడం నవ్వింది. తెర మీద నీళ్ల బాయి అన్న మాట తీసేపిచ్చి బొగ్గుగని అని రాపిచ్చింది. మొత్తం తెలుగుల చదివి వినిపిచ్చినంకనే సంతకం పెట్టమన్నది.

వచ్చే వాయిదకు, నన్ను పైకి మోసుకొచ్చిన నువ్వే సాక్షివి. మిషనుకు భయపడి గని అనకు, బాయి అనే చెప్పు. అది నేర్చుకున్నదో లేదో నేను వెనుక బెంచీల కూసుండి చూస్త.

నీ బామ్మర్ది