రెండే టైగర్ బార్బ్‌లు

ఒబియాగేలి వదినా,

అక్వేరియంలో సాయంత్రం ఒక్క చిటికెడే మేత వెయ్యండి. మా ఇంట్లో మకాం పెట్టి, చారలు బాగున్నాయని మీరు తెచ్చిన ఆ రెండు టైగర్ బార్బ్‌లే నా ఏంజెల్ చేపను రెక్కలు కొరికి చంపాయి. “పిల్లల్ని ఎలాగూ కనలేదు, చేపనైనా బతికించుకోలేదు” అని మీ తమ్ముడితో అని నవ్వారు కదా, విన్నాను.

ఆ జాతి గుంపుగా ఉండాలి. రెండే ఉంటే పక్కవాటిని పీక్కుతింటాయి. ఎక్కువుంటే తమలో తామే కొరుక్కుంటాయి. అందుకే ఇంకో డజను తెచ్చి వదిలాను.

మీ అక్కలందర్నీ కూడా పిలిచాను. ఇంటి ఆడపడుచులు కలిసి వస్తే పొమ్మనే మగాడు మన ఇగ్బో జాతిలో లేడు. మధ్యాహ్నానికి దిగుతారు. నేను మా అమ్మ దగ్గరికి పోతున్నాను.

ఓగెచి

అన్నట్టు, వాళ్లందరిలో మీరే చిన్న. వండి, వడ్డించి, అంట్లు తోమి, ఏమైనా మిగిలితే తినండి.