క్రషర్ గేటుకు అవతల

జనవరి 9, 2025

ఈ డ్యూటీలో చేరి ఏడాది. ఆర్మీలో పదిహేడేళ్లు, ఇప్పుడు ఖానాపూర్ దగ్గర కంకర క్రషర్‌కు సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. అప్పుడు బోర్డర్, ఇప్పుడు గేటు. మోకాళ్లు మాత్రం అవే.

గేటు బయట ఊరివాళ్లు ధర్నా టెంట్ వేసి నలభై రోజులైంది. బ్లాస్టింగ్‌కు ఇళ్ల గోడలు పగిలాయి. దుమ్ము పడి చేలల్లో పత్తి బూడిదరంగుకు తిరిగింది. టెంట్‌కు పెద్ద అనసూర్య. అరవై ఏళ్లుంటాయి. పొద్దున్నే నాకు కూడా చాయ్ పంపుతుంది. తాగొద్దని మేనేజర్ సాయిచంద్ ఆర్డర్. తాగుతాను.

జనవరి 17

మధ్యాహ్నం జబ్బార్ వచ్చాడు. బస్టాండ్ వెనక మోటార్ వైండింగ్ షాపు అతనిది. భార్య పోయి ఎనిమిదేళ్లు. మేమిద్దరం కలిసి మూడేళ్లు. సిరిసిల్లలో అన్నను, మరమగ్గాలను వదిలి ఇక్కడ గది తీసుకున్నది అతని కోసమే. ఈ మాట ఈ నోట్‌బుక్‌లో తప్ప ఎక్కడా లేదు.

అతని కూతురు యుమ్నాకు సంబంధం కుదిరిందట. నిర్మల్ వాళ్లు. ఏప్రిల్‌లో నిఖా. చెబుతూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. నవ్వుతూనే నా నుదుటి మీద ముద్దు పెట్టాడు. సెక్యూరిటీ రూమ్‌లోనే. తలుపు వేసే ఉంది.

జనవరి 28, సాయంత్రం 5

ఒంటిగంటన్నర అప్పుడు టెంట్‌లో అందరూ అన్నాలు తింటున్నారు. లోపల యార్డులో ఒక పాత టిప్పర్ ఉంది. కంపెనీ మనుషులిద్దరు డీజిల్ పోసి దాన్ని అంటించారు. నేను రోజూ అటెండెన్స్ వేసేవాళ్లే. సాయిచంద్ కారు పక్కన నిలబడి చూస్తున్నాడు. నేను కేబిన్ మెట్ల మీద ఉన్నాను.

మూడు గంటలకు పోలీసులు వచ్చారు. ఊరివాళ్లే తగలబెట్టారని టెంట్‌లో నుంచి పదకొండు మందిని ఎక్కించుకున్నారు. అందులో అనసూర్య భర్త నాగయ్య. షుగర్ పేషెంట్. చెప్పులు కూడా వేసుకోలేదు.

జీపుకు గేటు తీసింది నేనే. వెళ్లాక మూసిందీ నేనే.

జనవరి 29

నిద్ర పట్టలేదు.

ఫిబ్రవరి 2

అనసూర్య గేటు దగ్గరికి వచ్చింది. నువ్వు మెట్ల మీదనే ఉంటివి గదా బిడ్డా, చూసినవా లేదా, గదొక్కటి చెప్పు అంది. నాకేం తెలియదు అన్నాను.

ఈ మాట ఇంతకుముందు ఒకసారి అన్నాను. 2011లో. మా యూనిట్‌లో నాయక్ అరుణ్‌కుమార్, మంచిర్యాల వాడు. బ్యారక్‌లో ఎవరో అతని ఫోన్ తీసి మెసేజ్‌లు చదివారు. అవి ప్రేమతో నాకు రాసినవి. నా పేరు లేదు. ఎంక్వైరీలో నన్ను పిలిస్తే నాకేం తెలియదు సర్ అన్నాను. వాడు కూడా నా పేరు చెప్పలేదు. వాడి ఉద్యోగం పోయింది. రేకుపెట్టె మోసుకుని ఒక్కడే స్టేషన్‌కు వెళ్లాడు. ఆ ఏడాదే నాకు హవల్దార్ ప్రమోషన్.

ఎక్కడున్నాడో తెలియదు. వెతకలేదు కూడా.

ఫిబ్రవరి 6

పొద్దున టెంట్‌కు వెళ్లి చూసిందంతా చెప్పేశాను. వాళ్ల వకీలమ్మ అక్కడే ఉంది. మేజిస్ట్రేట్ ముందు చెబితే బెయిల్ ఖాయమంది. పన్నెండో తారీఖు రమ్మంది.

కబురు చేరినట్టుంది, మధ్యాహ్నానికల్లా సాయిచంద్ పిలిచి లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. నా రూమ్. జబ్బార్. ముద్దు. ఆ రూమ్‌లో కెమెరా ఉన్నట్టు నాకే తెలియదు. గేటు నుంచి గోడౌన్ దాకా కెమెరాలన్నీ చెక్ చేసి నెలనెలా సంతకం పెట్టేవాణ్ణి.

ఫౌజ్‌ల చేసిన మనిషివి, ఇజ్జత్ కాపాడుకో అన్నాడు. నోరు తెరిస్తే మీ అన్నకు, నిర్మల్ల గా పిల్ల అత్తగారోళ్లకు, ఇద్దరికీ పంపుత అన్నాడు.

రిజైన్ లెటర్ టేబుల్ మీద పెట్టి వచ్చాను. ధైర్యంతో కాదు. ఇంక నిలబడే ఓపిక లేక.

ఫిబ్రవరి 8

జబ్బార్‌కు చెప్పాను. మోటార్‌కు తీగ చుట్టడం ఆపేశాడు. చేతిలో రాగి తీగ చుట్ట అలాగే ఉంది.

గా పదకొండు మందిని నేనెరుగనా, అందరి మోటార్లు నా దగ్గరికే వస్తయి అన్నాడు. కానీ నా బిడ్డ ఏం చేసింది? జర ఆగు యార్, ఏప్రిల్ దాకా ఆగు, తర్వాత నీ పక్కన నేనే వచ్చి నిలబడత అన్నాడు.

నాగయ్య జైల్లో రెండుసార్లు పడిపోయాడని, కాలి పుండు ముదిరిందని, ఏప్రిల్ దాకా ఆగలేమని చెప్పాను.

అప్పుడు నా మొహంలోకి చూశాడు. నువ్వు అడుగుతందుకు రాలే కైలాసం, చెప్పుతందుకు వచ్చినవ్ అన్నాడు.

నిజమే.

ఫిబ్రవరి 12

స్టేట్‌మెంట్ ఇచ్చాను. పేరు, తండ్రి పేరు, వయసు నలభై నాలుగు. నేను చూశాను అన్నాను. రాసుకున్నారు. పావుగంట కూడా పట్టలేదు.

ఫిబ్రవరి 13

వీడియో వచ్చింది. ఊరి గ్రూపులో నేనూ ఉన్నాను కాబట్టి నా ఫోన్‌కు కూడా వచ్చింది.

అన్న ఫోన్ చేశాడు. నువ్వు బోర్డర్లనే సచ్చినవనుకుంటం అని పెట్టేశాడు.

ఫిబ్రవరి 16

పదకొండు మందికీ బెయిల్. నాగయ్యకు కాలి వేలు ఒకటి తీసేశారు.

టెంట్‌కు వెళ్లాను. నేను కూర్చోగానే ఇద్దరు లేచి అవతలికి జరిగారు. ఒకాయన నా చాయ్ గ్లాసు విడిగా పెట్టాడు. లేచి వచ్చేద్దామనుకున్నాను. అనసూర్య ఆ గ్లాసు తీసి మిగతా గ్లాసుల్లో కలిపేసింది. నీ ఇంట్ల సంగతి నాకెందుకు బిడ్డా, వచ్చే నెల టిప్పర్లు మళ్ల మొదలైతయట, అడ్డం ఎట్ల పోవాల్నో చెప్పు, నువ్వు ఫౌజోనివి గదా అంది.

ఆమెకు అర్థమైందో, అర్థం చేసుకోవడం ఇష్టం లేదో. అడగలేదు.

ఫిబ్రవరి 21

నిర్మల్ సంబంధం పోయింది. జబ్బార్ షాపుకు తాళం. ఫోన్ ఎత్తడు. షట్టర్ ముందు కాసేపు నిలబడి వచ్చాను. నేను చేసింది తప్పని అనిపించడం లేదు. సరైందని కూడా అనిపించడం లేదు.

మార్చి 4

గేటు దగ్గర ఐదుగురికి మించి ఉండొద్దని ఆర్డర్ వచ్చింది. మళ్లీ అర్జీ పెడదామని కొందరు. ఇప్పటికి పద్నాలుగు అర్జీలు. ఇంక అడగొద్దు అన్నాను. అడిగిన కొద్దీ కాదనే అలవాటు వాళ్లకు ముదురుతుంది. రోడ్డు మీద పడుకుందాం. కొట్టినా లేవొద్దు, తిరిగి కొట్టొద్దు. చేతులు ఒకరివొకరు ఎలా బిగించి పట్టుకోవాలో చూపించాను. అవతలికి జరిగిన ఇద్దరిలో ఒకడు వచ్చి నా చేయి పట్టుకున్నాడు. నేర్చుకోవడానికే.

మార్చి 6, పొద్దున 6

అరవై రెండు మందిమి. తారు చల్లగా ఉంది. వెనక్కి వాలితే నడుము కాస్త హాయిగా ఉంది. పదిహేడేళ్లు ఆర్డర్‌కు లేచాను, ఆర్డర్‌కు కూర్చున్నాను. ఆర్డర్ లేకుండా పడుకోవడం ఇదే మొదటిసారి.

టిప్పర్ల చప్పుడు వినిపిస్తోంది. నోట్‌బుక్ అనసూర్యకు ఇస్తున్నాను.

మార్చి 24, జైలు

రోడ్డు మీద నుంచి ఎత్తుకొచ్చి పద్దెనిమిది రోజులు. కాగితం అడిగి తీసుకున్నాను. ఈరోజు ములాఖత్‌కు యుమ్నా వచ్చింది. రంజాన్ నెల, రోజాతో ఉంది, నీళ్లు కూడా తాగలేదు. మా అబ్బా రాలే, ఇంక రాడేమో అంది. నాకు గూడ మీ మీద కోపమే ఉన్నది అంది. తిన్నరా అని అడిగింది.

ఫారంలో ఖైదీకి ఏమవుతారు అన్న చోట ఇంటి మనిషి అని రాసిందట. ఏ ఇల్లని క్లర్క్ అడిగితే, కింద సంతకం పెట్టి ఇచ్చిందట.