కాదంటే నమ్మని జబ్బు

స్ఫాక్స్,
3 మార్చి 1999

మన్నూబియా అక్కకు తమ్ముడు లసాద్ సలాములు. నిన్నూ, బావనూ, పిల్లలనూ దేవుడు చల్లగా చూడాలి. ముందు ఈ ఒక్క ముక్క చదువుకో: నాన్న బతికాడు. నిన్న షోర్బా తాగి, ఉప్పు చాల్లేదని అమ్మను విసుక్కున్నాడు.

అక్టోబరులో నడుమూ తొడా లాగేస్తున్నాయంటే స్కానింగ్ తీయించాం. పేగుల వెనక, వెన్నెముక పక్కన నారింజపండంత గడ్డ. సూదితో ముక్క తీసి పరీక్ష చేయించాక డాక్టర్ షెడ్లియా మమ్మల్ని పిలిచింది. నరం పైపొరలో పుట్టిన గడ్డ, కడుపులో రావడం అరుదు, ఆ జబ్బు మాత్రం కాదు, తీసేస్తే చాలు అంది.

అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. ఏడవదా మరి? క్యాన్సర్ అనే మాట పలికితే మనవాళ్ళ నాలుక కాలుతుంది. బేయా అత్తకు చివరిదాకా మనం చెప్పిందీ అదే కదా, ఆ జబ్బు కాదని. జబ్బు ఉన్నవాళ్ళకు ఆ మాట వాడేశాం, నిజంగా లేనివాళ్ళకు చెప్పడానికి ఇంకో మాట మిగల్లేదు.

నా సంగతి నీకు తెలుసు. యూనియన్ ఆఫీసులో రోగి హక్కుల కరపత్రం చదివి ఉన్నాను. బల్ల గుద్ది, నిజం తెలుసుకోవడం రోగి హక్కు, దాచడానికి మీరెవరని అరిచాను. ఆవిడ కళ్ళజోడు తీసి, ఉన్న నిజం చెప్పాను బాబూ, నీకు నచ్చేది ఇంకోటి ఎక్కణ్ణించి తేను అంది. నాన్న మొండికేసి, చస్తే ఇంట్లోనే చస్తానని వచ్చేశాడు.

నాలుగు నెలలు అలాగే గడిచాయి. పోయిన నెల మెట్లెక్కుతుంటే ఎడమ మోకాలు నిలవక పడిపోయాడు. మళ్ళీ ఆవిడ దగ్గరికే వెళ్ళాం. ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. నరం పోగుల్ని ఒక్కొక్కటే పక్కకు జరిపి గడ్డను ఒలిచారట. ఈ నాలుగు నెలల్లో నలిగి చచ్చిన పోగుల్ని దక్కించలేకపోయామంది. గడ్డ పరీక్ష ఫలితం నిన్న వచ్చింది. ఆవిడ మొదట చెప్పిందే నిజం. కానీ నాన్నకు ఇక చేతికర్ర తప్పదు. ఆలివ్ కోతకు నిచ్చెన ఎక్కలేడు.

పొరుగింటి హేదీ వచ్చి, మా అన్నకూ కాదనే చెప్పార్రా సాదొక్ అని నాన్న చెవిలో ఊది, డజను గుడ్లిచ్చి కళ్ళు తుడుచుకుంటూ పోయాడు.

పిల్లలకు ముద్దులు. సెలవు.

నీ తమ్ముడు,
లసాద్

తా.క.: నాన్న మొండికేశాడని రాశాను. అలా రాయమన్నది నాన్నే. వచ్చినవాళ్ళందరికీ అలాగే చెబుతున్నాడు. నేను బల్ల గుద్దిన రోజు ఆయన ఆపరేషన్‌కని ఆసుపత్రి చొక్కా తొడుక్కుని మంచమెక్కి కూర్చున్నాడు. డాక్టరమ్మ కళ్ళలో అబద్ధం లేదురా, కోయనీ అన్నాడు. ఆ చొక్కా గుండీలు విప్పి, చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది నేను. ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. సెలవు దాకానే.